ముత్తమ్మ పట్టిన నీలి వెలుగు

ఆవిరి డబ్బా మూత తెరిచి, లోపలి వేడి బయటికి పోయే దాకా ముత్తమ్మ పక్కకు తిరిగి నిలబడింది. ఆమె మెడ అంతగా తిరగదు. పాదాల నుంచి భుజాల దాకా ఒళ్లంతా ఒక్కసారే తిప్పాలి, బీరువాను జరిపినట్టు. ఆవిరి పలచబడ్డాక పట్టుకారుతో ఒక్కొక్క సామానూ తీసి ఉతికిన గుడ్డ మీద పరిచింది. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాలు, కొన వంగిన సూదులు, దూది పట్టుకునే సన్నటి చిమటాలు. ఒక అద్దం మీద నీటి మరక కనిపిస్తే దూదితో తుడిచి, కిటికీ వెలుగులో పెట్టి చూసి, మళ్లీ తుడిచింది.

శంషాబాదు బస్టాండుకు ఎదురుగా, మందుల దుకాణం పైన ఉంది ఆ పళ్ల దవాఖాన. రెండే గదులు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, లోపలి గదిలో రోగిని పడుకోబెట్టే పెద్ద కుర్చీ. విమానాశ్రయం మొదలై మూడేళ్లవుతోంది. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి. ముత్తమ్మ ఇప్పుడు ఆ అదురును వినడం కూడా మానేసింది.

డాక్టర్ ప్రేమలత అత్తాపూర్ నుంచి వస్తుంది. ఆరాంఘర్ చౌరస్తాలో బండ్లు ఆగిపోయిన రోజు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ముత్తమ్మకు ఇష్టం. ఆ కాసేపు దవాఖాన తనది. నేల తుడిచి, ఫినాయిలు వాసన పోవడానికి కిటికీ తెరిచి, పెద్ద కుర్చీ చేతులను తడిగుడ్డతో రుద్దుతుంది. మనుషులు భయంతో ఆ చేతులను ఎంత గట్టిగా పట్టుకుంటారో ఆమెకు తెలుసు. అక్కడ రంగు అరిగిపోయింది.

ఆమె ఇక్కడ ఊడ్చే పనికి చేరింది. మొదటి రోజు డాక్టరమ్మ "ముత్తమ్మగారూ, ఒకసారి ఇలా రండి" అని పిలిస్తే, ఇంకెవరినో పిలిచిందనుకుని ఒళ్లంతా తిప్పి వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. అత్తగారి ఊరు తొండుపల్లిలో గాని, పుట్టింట్లో గాని ఆమె పేరుకు ఎవరూ 'గారు' తగిలించలేదు. ఆ రోజు చీపురు పట్టుకుని చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించింది. తర్వాత డాక్టరమ్మ పక్కన ఉండే పిల్ల పెళ్లి చేసుకుని వెళ్లిపోతే, ఆ పని ముత్తమ్మ చేతికి వచ్చింది. మందు చుక్కలు వేసివ్వడం, నోట్లో నీరు లాగే గొట్టం పట్టడం, లైటు పట్టడం. నేర్పింది డాక్టరమ్మే, ఓపికగా, ఒకటికి పదిసార్లు.

ఆ పనితో పాటు మాస్కు కూడా వచ్చింది.

ముత్తమ్మ పుట్టింది మర్రిగూడ దిక్కు పల్లెలో. అక్కడి బోరింగు నీళ్లు తేటగా ఉండేవి, తాగితే ఏ తేడా తెలిసేది కాదు. పాలపళ్లు ఊడి వచ్చిన పళ్ల మీద సున్నం గీతల్లాంటివి వచ్చాయి. తర్వాత ఆ గీతలు పసుపయ్యాయి, ఆ తర్వాత గోధుమరంగు తిరిగాయి. అన్న కాళ్లు వంకరపోయాయి. తల్లి నడుము లేవలేదు. ఆ ఊళ్లో అందరి పళ్లూ అట్లాగే ఉండేవి కాబట్టి అది లోపమని ఆమెకు తెలియలేదు. తొండుపల్లికి కోడలిగా వచ్చినప్పుడు తెలిసింది. పెళ్లి మరునాడు వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె, మంచిదే, చెడ్డ మనసు లేనిది, "పిల్ల పొగాకు నములుతదా?" అని అత్తను అడిగింది.

అంతే. అప్పటి నుంచి ముత్తమ్మ కుడిచెయ్యి నోటి ముందుకు వచ్చింది. చెయ్యి ఖాళీ లేకపోతే కొంగు. రెండూ కుదరకపోతే నవ్వు ఆపుకోవడం. భర్త శంకరయ్య ఆమె పళ్ల గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. టమాట చేనులో పక్కపక్కన పనిచేస్తూ అతను ఏదో పరాచికమాడితే, ఆమె గంప దించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అప్పుడు నవ్వేది. అతను ఆ గంప దించే దాకా ఆగేవాడు.

మాస్కు కట్టుకున్న కొత్తలో ఒక ముసలాయన మత్తు సూది తర్వాత "నా మూతి నా దగ్గర్నే ఉందా బిడ్డా?" అని అడిగితే, ముత్తమ్మ రెండు చేతుల్లో సామాను పట్టుకుని ఉండి, భళ్లున నవ్వింది. నవ్వాక గాని తెలియలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదని. ఆ రోజు నుంచి మాస్కు అంటే ఆమెకు ప్రాణం. దాని వెనక ఆమె మాటకారి అయింది. కళ్లతో, కనుబొమ్మలతో మాట్లాడేది. రోగులు డాక్టరమ్మ కంటే ముందు ఆమెను వెతుక్కునేవాళ్లు.

ఆ పొద్దున మొదట వచ్చినవాడు విమానాల్లో సరుకు ఎక్కించే మనిషి. దూలాల్లాంటి చేతులు, వాచిన బుగ్గ. డాక్టరమ్మ మిషను ఆడించగానే అతను కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాడు. ముత్తమ్మ అతని భుజం మీద అరచెయ్యి వేసి ఉంచింది. "ఏం గాదన్నా. దీనికి సప్పుడే ఎక్కువ, నొప్పి తక్కువ" అంది. అతను కళ్లు మూసుకున్నాడు. పని అయ్యే దాకా ఆమె ఆ చెయ్యి తీయలేదు. రెండో చేత్తోనే గొట్టం పట్టింది.

ఎండ కిటికీ దిగి నేల మీద పడే వేళకు ఒక అమ్మాయి వచ్చింది. పేరు అరుణ. డిగ్రీ అయిపోయింది, పాల్మాకులలో మేనత్త ఇంట్లో ఉంటోంది. చున్నీ కొసను నోటి దగ్గర పట్టుకుని మాట్లాడుతోంది.

"మేడం, సోమారం ఎయిర్‌పోర్టుల ఇంటర్వ్యూ ఉంది. కౌంటర్ల నిలబడి ప్యాసింజర్లతోటి మాట్లాడే నౌకరి. ముంగటి పన్నుకు వేరేకాడ సిమెంటు పెట్టిచ్చుకున్న. ఊడిపోయింది. మళ్ల పెట్టిచ్చిన. మళ్ల ఊడింది."

కుర్చీలో పడుకున్నాక చున్నీ తీయక తప్పలేదు. పై వరుస ముందు పన్ను మీద, చిగురుకు దగ్గరగా నల్లటి గుంట. దాని చుట్టూ ఉన్న పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. ముత్తమ్మ లైటు సరిచేస్తూ ఆ మచ్చలను చూసింది. ఏ ఊరని అడగాల్సిన పని లేకపోయింది.

డాక్టరమ్మ సూదితో గుంట అంచును తడిమి చూసి, కుర్చీ లేపి, అమ్మాయికి చెప్పింది. "పన్నుకూ మనం పెట్టే ఫిల్లింగుకూ మధ్య కంటికి కనిపించని సందు ఉంటుందమ్మా. పుచ్చు మళ్లీ అక్కడే మొదలవుతుంది. పైగా నీ పళ్ల మీద పొరకు మందు మామూలుగా అతకదు. అందుకే ఊడింది. ఈసారి అతికించే మందు వేరేది వేస్తాను. దాంట్లో కొంచెం ఫ్లోరైడు ఉంటుంది. అది మెల్లమెల్లగా బయటికి వచ్చి ఆ అంచు దగ్గర పన్నును గట్టిపరుస్తుంది. ఎన్నాళ్లుంటుందని మాటివ్వలేను గానీ, మామూలు దానికంటే ఎక్కువ కాలమే ఆగాలి."

అరుణ లేచి కూర్చుంది.

"ఫ్లోరైడా మేడం?"

"అవునమ్మా."

"మా బాపు మంచంల ఉన్నడు. పక్కకు ఒత్తిగిలాలన్నా మేము తిప్పాలె. నా పండ్లు గిట్ల చేసింది, మా బాపును గట్ల చేసింది గదే గద. దాన్నే మళ్ల నా నోట్లె పెడ్తరా?"

డాక్టరమ్మ కంగారు పడలేదు. ఏళ్ల తరబడి నీళ్లలో తాగినది ఎముకల్లోకి ఎట్లా చేరుతుందో, ఇది పన్ను దగ్గరే ఎట్లా ఉండిపోతుందో, ఎంత కొంచెమో చెప్పింది. వేలి గోరు చూపించి, ఆ గోటి మీద చుక్కంత కూడా ఉండదంది. అన్నీ నిజాలే. కానీ ఇంటిమనిషిని మంచాన పడేసిన దాని పేరు విన్న చెవికి ఆ నిజాలు ఎక్కలేదు. అరుణ మెడలో కట్టిన కాగితం గుడ్డను విప్పుకుంది.

"వద్దనుకుంటే పాతదే పెడతాను" అంది డాక్టరమ్మ. "కానీ అది మళ్లీ ఊడదని చెప్పలేను."

"ఇగ ఏది వద్దు మేడం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడుత. నాకు అలవాటే."

సామాను పళ్లెం పట్టుకుని నిలబడిన ముత్తమ్మ ఆ మాట విన్నది. తర్వాత పళ్లెం బల్ల మీద పెట్టి, గ్లవుజులు తీసేసి, రెండు చేతులూ తల వెనక్కి తీసుకుపోయింది. భుజాలు పైకి లేవవు. మాస్కు ముడి దొరకడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ సాయం చేయబోయి ఎందుకో ఆగిపోయింది. ముడి విడింది. మాస్కు మెడ మీదికి జారింది.

"నాది గూడ గా మర్రిగూడ దిక్కే బిడ్డా" అంది ముత్తమ్మ. "సూడు."

నోరు తెరిచింది. పూర్తిగా, రోగులను తెరవమన్నట్టే, పెద్ద లైటు కిందికి వచ్చి మరీ తెరిచింది. పై పళ్లు ముదురు గోధుమరంగులో, అంచులు విరిగిన పెంకుల్లా ఉన్నాయి. కొన్నింటి మీద చిన్న చిన్న గుంటలు. కింద ఎడమవైపు దవడ పన్నులో మాత్రం పాలమీగడ రంగులో నున్నటి ముక్క ఒకటి కూర్చుని ఉంది. ఆమె దాన్ని వేలితో చూపించింది.

"నాకు గూడ గీ తీరు మందే పెట్టింది డాక్టరమ్మ. పేరు ఇనంగనే నేను గూడ నీ లెక్కనే కుర్చీల నుంచి లేచి పోయిన. పనికి గూడ రాలె. ఆఖరికి నొప్పి ఓర్వలేక ఒచ్చిన. గప్పుడు డాక్టరమ్మ తిట్టలె, నవ్వలె. మళ్ల మొదటికెల్లి చెప్పింది." తర్వాత తనకు తెలిసినట్టు చెప్పింది. "ఉప్పు లేని కూర తింటమా? గట్లని కుండల పిడికెడు పోస్తమా? మనకు గా నీళ్లు కడవలు కడవలు తాగిపిచ్చిండ్రు. గిది సూది మొన మీద సుక్క. పెట్టినంక మళ్ల ఆ పన్ను నన్ను పరేషాన్ చెయ్యలె."

అరుణ ఆమె నోటినే చూస్తోంది. తన పళ్లకంటే చెడిపోయిన పళ్లను, ఇంత దగ్గరగా, ఎవరో తనంతట తాను చూపించడం ఆమె ఎరగదు.

"ఇంకోటి చెప్త. నేను పెండ్లయినప్పటి సంది చెయ్యి అడ్డం పెట్టుకున్న. చెయ్యి గుంజుతది బిడ్డా. నువ్వు పెట్టుకోకు."

బయట బస్సు కండక్టరు మహబూబ్‌నగర్ అని కేకేస్తున్నాడు. అరుణ కిందికి చూసి, కాగితం గుడ్డను మళ్లీ మెడకు కట్టుకోబోయింది. వెనక ముడి అందలేదు. ముత్తమ్మ కట్టింది.

"నువ్వు ఈడనే ఉంటవా అమ్మా?"

"యాడికి పోత. లైటు పట్టేది నేనే గద."

ముత్తమ్మ చేతులు కడుక్కుని మాస్కు మళ్లీ కట్టుకుంది. డాక్టరమ్మ గుంటలోని పుచ్చును శుభ్రం చేసి, మందు అతికేలా పన్నును గరుకు చేసే నీలిరంగు జెల్లు పూసి, ఇలాంటి పళ్లకు ఎక్కువసేపు ఉంచాలి కాబట్టి ఉంచి, కడిగి, గాలితో ఆరబెట్టింది. ముత్తమ్మ నల్లటి చిన్న సీసా నుంచి ఒక చుక్క గిన్నెలోకి వేసి, వెంటనే దాని మీద మూత కప్పింది. వెలుగు తగిలితే ఆ మందు గిన్నెలోనే గట్టిపడిపోతుంది. డాక్టరమ్మ చెయ్యి చాపితే మూత తీసి అందించింది. వెంట్రుకంత బ్రష్షుతో ఆమె మందును గుంట గోడలకు పూసింది.

"ముత్తమ్మగారూ, లైటు."

తుపాకీ ఆకారంలో ఉన్న ఆ లైటు కొనను పన్నుకు తగలకుండా, దూరం జరగకుండా పట్టాలి. చెయ్యి కదిలితే లోపలి మందు సరిగ్గా గట్టిపడదు. అంతకు ముందు పనిచేసిన అమ్మాయిలకు ఆ కాసేపట్లో విసుగు వచ్చేది, చూపు కిటికీ వైపు పోయేది. ముత్తమ్మ ఒకసారి నిలబడితే నిలబడినట్టే. తిరగని మెడ, వంగని నడుము, బిగిసిన మణికట్టు. ఊరి నీళ్లు కర్రలా చేసిన ఆ ఒళ్లే ఇప్పుడు వెలుగును పట్టుకుని చెక్కుచెదరకుండా నిలిచింది. నీలి వెలుగు అరుణ పెదవి మీద, ముత్తమ్మ చేతి నరాల మీద పడింది. తర్వాత పన్ను రంగు మందు పొరలు పొరలుగా పెట్టినప్పుడల్లా మళ్లీ మళ్లీ పట్టింది. ఒక్కసారి కూడా రెప్ప వేసినట్టు అనిపించలేదు డాక్టరమ్మకు.

చివర నున్నగా రుద్ది, పక్క పళ్ల మచ్చలను కూడా చేతనైనంత పలచబరిచి, డాక్టరమ్మ చేతి అద్దం ఇచ్చింది. నల్లటి గుంట లేదు. మచ్చలు ఇంకా ఉన్నాయి. అరుణ చాలాసేపు చూసుకుంది. అద్దం తిరిగి ఇచ్చి, చున్నీని భుజం మీద వేసుకుని, నోటి దగ్గరికి తీసుకోకుండానే, "పోయొస్త అమ్మా" అంది.

మధ్యాహ్నం ముందు గదిలో డాక్టరమ్మా, ముత్తమ్మా అన్నం తిన్నారు. ఎప్పుడూ ముత్తమ్మ గోడవైపు తిరిగి తినేది. ఆ రోజు జొన్నరొట్టె, పచ్చిపులుసు విప్పుకుని డాక్టరమ్మకు ఎదురుగానే కూర్చుంది. డాక్టరమ్మ అది గమనించి, గమనించనట్టు ఊరుకుంది. కొంతసేపటికి మాత్రం, "ఈరోజు నా పని మీరు చేశారు ముత్తమ్మగారూ" అంది.

"నేనేం చేసిన. లైటు పట్టిన" అంది ముత్తమ్మ, రొట్టె తుంచుతూ.

సాయంత్రం షేరు ఆటోలో తొండుపల్లి వెళ్లేటప్పుడు ఆమె డ్రైవరు పక్కన కొసకు కూర్చుంది. వెనక సీట్లోకి వంగి ఎక్కడం ఆమె వల్ల కాదు. ఒకప్పుడు తాము టమాట వేసిన నేల మీద ఇప్పుడు విమానాశ్రయం వాళ్ల పచ్చగడ్డి పరుచుకుని ఉంది. ఆ గడ్డికి నీళ్లు పట్టే పనిలోనే కుదిరాడు శంకరయ్య. అతను అప్పటికే ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, పొయ్యి రాజేస్తున్నాడు. ఆమె పొద్దున జరిగింది చెప్పింది. మూతిని ముసలాయన వెతుక్కున్న సంగతి కూడా మళ్లీ చెప్పింది, అది అతను ఎన్నిసార్లు విన్నా వింటాడు కాబట్టి. చెబుతూ చెబుతూ నవ్వింది. చేతుల్లో బియ్యం చాట ఉంది. దించలేదు. శంకరయ్య అలవాటుగా ఆగాడు. ఆమె చాట దించకుండానే నవ్వుతోందని తెలుసుకుని, పొయ్యి వైపు తిరిగి గట్టిగా ఊదాడు. అతని కళ్లలో నీళ్లు పొగవో కావో ఆమె అడగలేదు.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక పొద్దున ముత్తమ్మ లేవలేదు. ముందు రోజు కూడా పనికి వచ్చి వెళ్లింది. కొంచెం ఆయాసంగా ఉందంటే డాక్టరమ్మ పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. ఆదివారం పోతానంది. డాక్టర్ ప్రేమలత తొండుపల్లి ఇంటికి వెళ్లింది. దండ వేసిన ఫొటోలో పెదవులు గట్టిగా మూసుకుని ఉన్న ముత్తమ్మను ఆమె వెంటనే గుర్తుపట్టలేకపోయింది. శంకరయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "నిన్న గూడ నవ్వింది మేడం" అన్నాడు.

ఎండాకాలం వచ్చింది. అరుణ పళ్లు చూపించుకోవడానికి వచ్చింది. విమానాశ్రయం యూనిఫాంలోనే ఉంది, మెడలో గుర్తింపు కార్డు. కౌంటరు దగ్గర రోజంతా మాట్లాడి మాట్లాడి గొంతు కొద్దిగా బొంగురుపోయింది. కుర్చీలో కూర్చోకుండానే అడిగింది. "అమ్మ లేదా మేడం?"

డాక్టరమ్మ చెప్పింది. అరుణ కార్డును చేతిలో తిప్పుతూ నిలబడింది. తర్వాత తనంతట తానే వెళ్లి కుర్చీలో పడుకుని నోరు తెరిచింది. డాక్టరమ్మ సన్నటి సూదిని ఆ ముందు పన్ను మీద, ఫిల్లింగు అంచు వెంబడి నెమ్మదిగా నడిపింది. సూది ఎక్కడా చిక్కుకోలేదు. చిగురు దగ్గర ఒకటికి రెండుసార్లు చూసింది.

"గట్టిగా ఉంది" అంది.

అరుణ లేచి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి పుక్కిలించింది. తల ఎత్తి, ఎదురుగా ఉన్న అద్దంలో పెదవి లేపి చూసుకుంది. అప్పుడు కనిపించింది, అద్దం పక్కగా కొంచెం కిందికి, తల వంచలేని పొట్టి మనిషి కళ్లకు సూటిగా వచ్చే చోట, ఒక బొట్టుబిళ్ల. ముఖం కడుక్కునేటప్పుడు తీసి అంటించి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయినట్టుంది.

"అది ఆమెదే" అంది డాక్టరమ్మ వెనక నుంచి. "కొత్తగా వచ్చినామెకు తీయొద్దని చెప్పాను."

అద్దం అంతా తళతళలాడుతోంది. బిళ్ల చుట్టూ మాత్రం తుడిచే గుడ్డ తప్పుకుని తిరిగిన సన్నటి గుండ్రటి గీత ఉంది. మెరూను రంగు కొద్దిగా వెలిసింది, ఒక పక్క అంచు వెంట్రుకంత లేచింది, మిగతా బిళ్లంతా అద్దాన్ని గట్టిగా పట్టుకునే ఉంది.